బ్రాంచి మేనేజర్‌గా కొత్తగా వెళ్తున్నారా? సిబ్బంది మధ్య రాజకీయాలను సంభాళించడం ఇలా

ప్రమోషన్ ఆర్డర్ వచ్చిన రోజు అందరూ ఫోన్ చేసి ఏ బ్రాంచి, బిజినెస్ ఎంత, ఎన్‌పీఏ (మొండి బాకీలు) ఎంత, పిల్లల స్కూలు సంగతేంటి అని అడుగుతారు. అక్కడ ఎవరికి ఎవరితో పడదో, ఆ గొడవల మధ్య మీరు ఎలా నిలబడాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. ట్రైనింగ్ సెంటర్లో కూడా అంతే. లోన్లు, కేవైసీ, ఆడిట్ అన్నీ నేర్పి పంపిస్తారు. పొద్దున పదింటికి గేటు తీసేసరికి మీ ఎదురుగా ఉండేది పదకొండు మంది మనుషులు, వాళ్లలో ఇద్దరు రెండేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, వోచర్లు కూడా ప్యూన్ చేతికిచ్చి పంపించుకుంటారు.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో మూడు బ్రాంచిలకు మేనేజర్‌గా చేశాను. ఒకటి పల్లెటూరు, ఒకటి మండల కేంద్రం, ఒకటి జిల్లా కేంద్రంలో పెద్ద బ్రాంచి. మొదటి చోట చేసిన తప్పులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని మనుషుల్ని నిజంగా బాధపెట్టాయి, అందుకే ఇది రాస్తున్నాను. బ్యాంకు కాకపోయినా, ఎంపీడీవో ఆఫీసులో సూపరింటెండెంట్‌కైనా, హైస్కూల్ హెడ్మాస్టర్‌కైనా, గచ్చిబౌలిలో టీమ్ లీడ్‌కైనా పేర్లు మారతాయి గానీ గొడవలు ఇవే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆఫీసు రాజకీయం అని మనం పిలిచేదాంట్లో ముప్పాతిక భాగం పని పంపకం గొడవ. ఎవరి మీద ఎంత పని పడుతోందో ఎవరికీ కనపడనప్పుడు ప్రతి ఒక్కరూ తన మీదే ఎక్కువ పడుతోందనుకుంటారు, ఆ మంట చాడీగా, వెటకారంగా, సెలవుల తగాదాగా, కొన్నిచోట్ల కులం గొడవగా కూడా బయటికొస్తుంది. కాబట్టి మనుషుల్ని మార్చేద్దామని బయల్దేరకండి. ముందు పనిని అందరి ముందూ బల్ల మీద పెట్టండి.

మొదటి పదిహేను రోజులు ఎవరి సీటూ మార్చకండి

మొదటి బ్రాంచిలో చేరిన నాలుగో రోజు సాయంత్రం, క్యాష్ క్లోజ్ అయ్యాక, ఒక సీనియర్ క్లర్క్ రెండు గ్లాసుల టీ పట్టుకుని నా క్యాబిన్‌లోకి వచ్చాడు. ఒక గ్లాసు నా ముందు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, "సార్, మీరు కొత్త, మీకు తెలియాలని చెబుతున్నా. గోల్డ్ లోన్ సీట్లో ఉన్న మేడమ్‌తో కస్టమర్లు చాలా ఇబ్బంది పడుతున్నారు. పాత మేనేజర్ గారు మొహమాటపడి వదిలేశారు" అన్నాడు. మర్నాడు ఇద్దరు కస్టమర్లు వచ్చి అదే మాట చెప్పారు. నేను నమ్మేశాను. ఆ వారమే ఆవిణ్ని డిపాజిట్ల కౌంటర్‌కి మార్చాను. ఆవిడ ఒక్క మాట అనలేదు, డ్రాయర్‌లో ఉన్న తన పెన్నులు, స్టాంపు ప్యాడ్, వాటర్ బాటిల్ తీసుకుని వెళ్లి అక్కడ కూర్చుంది.

మూడు వారాలకు అసలు సంగతి తెలిసింది. లోన్ తీసుకున్న మనిషి రాకుండా, ఆథరైజేషన్ లెటర్ కూడా లేకుండా, వాళ్ల బావమరిదినని చెప్పుకుని వచ్చినవాడికి నగలు ఇవ్వనని ఆవిడ కచ్చితంగా చెప్పిందట. ఆ వచ్చినవాడు మా సీనియర్ గారికి బాగా కావలసినవాడు. కంప్లైంట్ చేసిన ఇద్దరూ కూడా ఆయన మనుషులే. ఆవిడ చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని, నేను ఆ పనికి ఆవిణ్ని శిక్షించాను. మర్నాడు పొద్దున అందరూ నిలబడి ఉండగా, సీటు మార్చడం నేను తొందరపడి చేసిన తప్పు అని చెప్పి, ఆవిడ సీటు ఆవిడకు ఇచ్చాను. అయినా ఆవిడ నాతో మనసు విప్పి మాట్లాడటానికి ఆర్నెల్లు పట్టింది, అందులో ఆవిడ తప్పేమీ లేదు.

అప్పటి నుంచీ నేను పాటించిన పద్ధతి ఇది. ఎవరైనా ఇంకొకరి గురించి చెప్పడానికి వస్తే పూర్తిగా విని, "ఈ విషయం మీరు ఆవిడతో మాట్లాడారా?" అని అడుగుతాను. లేదంటే, "అయితే రేపు పొద్దున తొమ్మిదిన్నరకి ముగ్గురం కూర్చుందాం, ఇదే మాట అక్కడ చెప్పండి" అంటాను. పదిమందిలో ఏడుగురు "అబ్బే, అంత పెద్ద విషయమేం కాదు సార్" అని లేచి వెళ్లిపోతారు. "సరే సార్, కూర్చుందాం" అన్నవాళ్ల మాటలో నిజంగా ఏదో ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒక్క మినహాయింపు ఉంది: చెప్పడానికి వచ్చిన మనిషి భయపడుతూ వస్తే, వేధింపుల గురించి వస్తే, ఎదురెదురుగా కూర్చోబెట్టడం అనే మాటే ఎత్తకండి. దాని దారి వేరు, కింద చెబుతాను.

ఆ పదిహేను రోజుల్లోనే ప్రతి ఒక్కరితో విడివిడిగా ఇరవై నిమిషాలు కూర్చోండి. ఆఫీసర్లతో మొదలుపెట్టి క్యాషియర్లు, క్లర్కులు, ప్యూన్, సెక్యూరిటీ గార్డు, ఊడ్చే ఆమె వరకూ. వీళ్లలో చివరి ముగ్గురినీ ఏ మేనేజరూ పిలిచి కూర్చోబెట్టడు, కానీ బ్రాంచిలో ఏం జరుగుతోందో అందరికంటే బాగా తెలిసేది వాళ్లకే. "ఇక్కడ ఎవరితో సమస్య?" అని మాత్రం అడగకండి, ఆ ఒక్క ప్రశ్నతో చాడీలకు మీరే తలుపులు తీసినట్టవుతుంది. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేస్తారు, ఏ పని దగ్గర ఆగిపోతున్నారు, ఎవరు సెలవు పెడితే మీ మీద పడుతుంది, మీకు రాని పని ఏది నేర్చుకోవాలని ఉంది, ఇవి చాలు. ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

పని పంపకం కాగితం మీదకు రావాలి

రెండో బ్రాంచిలో పాత క్యాలెండర్ వెనకవైపు బ్రాంచిలో జరిగే పనులన్నీ ఒకటొకటిగా రాశాను. క్యాష్ రిసీట్స్, పేమెంట్స్, ఏటీఎంలో క్యాష్ పెట్టడం, చెక్కుల క్లియరింగ్, లాకర్లు, గోల్డ్ లోన్లు, పంట రుణాల రెన్యువల్స్, డ్వాక్రా సంఘాల లోన్లు, నవంబర్‌లో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లు, కేవైసీ అప్‌డేట్లు, రీజినల్ ఆఫీసు (ఆర్‌ఓ) నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులు, స్టేట్‌మెంట్లు, పోర్టల్‌లో వచ్చే కంప్లైంట్లు, పాస్‌బుక్ ప్రింటర్ పాడైతే మెకానిక్‌కి ఫోన్ చేయడం కూడా. మొత్తం 41 పనులు తేలాయి. ఒక్కోదాని పక్కన ఎవరు చేస్తున్నారో రాస్తే, ఒక అమ్మాయి పేరు పద్నాలుగు చోట్ల వచ్చింది. ఇంకొకాయన పేరు నాలుగు చోట్ల. ఆ అమ్మాయి చేరి అప్పటికి ఏడాదిన్నర, కాదనడం తెలియదు, "కొంచెం ఇది చూడమ్మా" అంటూ ఒక్కొక్కరు ఒక్కొక్కటి అప్పజెప్పారు. నాలుగు పనులాయన చెడ్డవాడు కాదు, తన మీద చాలా పని ఉందని నిజంగానే నమ్ముతున్నాడు, ఎందుకంటే ఆ నాలుగింటిలో ఒకటి రోజంతా పట్టే క్యాష్.

ఆ క్యాలెండర్‌ని శనివారం సాయంత్రం బ్రాంచిలోని డైనింగ్ టేబుల్ మీద పరిచాను. ఎవరినీ ఏమీ అనలేదు. అందరూ వంగి చూశారు. కాసేపటికి హెడ్ క్యాషియర్ గారే, "ఈ పాప మీద ఇన్ని పెట్టామా" అన్నారు. ఆ మాట నేను అనుంటే పెద్ద గొడవయ్యేది, వాళ్లలో ఒకరు అన్నారు కాబట్టి గంటలో ఐదు పనులు చేతులు మారాయి. సోమవారం దాన్ని ఆఫీస్ ఆర్డర్ బుక్కులో రాసి అందరితో సంతకాలు పెట్టించాను. ఆఫీస్ ఆర్డర్ అనేది చాలా బ్రాంచిల్లో ఆడిటర్ వచ్చే ముందు రోజు రాసే పుస్తకం అయిపోయింది, దయచేసి అలా చేయకండి. రేపు ఏదైనా తేడా వస్తే ఆ పని ఎవరిదో చెప్పేది అదే, మిమ్మల్నీ మీ స్టాఫ్‌నీ కాపాడేదీ అదే.

సీట్ల రొటేషన్ కూడా ఇక్కడే చెప్పాలి. రొటేషన్‌ని శిక్షగా వాడే మేనేజర్లున్నారు, నచ్చనివాణ్ని క్యాష్‌లోకి తోస్తారు, నచ్చినవాణ్ని లోన్లలో కూర్చోబెడతారు, దాంతో రొటేషన్ అనగానే స్టాఫ్ "ఎవరి మీద కోపమొచ్చింది?" అని లెక్కలు వేసుకుంటారు. ఏడాది మొదట్లోనే ఏ నెలలో ఏ సీటు మారుతుందో రాసి పెట్టేస్తే ఆ అనుమానానికి చోటుండదు. నిర్బంధ సెలవు మాత్రం దీంతో కలపకండి. సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్లను ఏడాదికోసారి 10 పని దినాలకు తగ్గకుండా ఒకే విడతగా, ముందుగా చెప్పకుండా సెలవులో పంపాలని రిజర్వ్ బ్యాంకు 2021 జులైలో ఇచ్చిన సర్క్యులర్ చెబుతోంది. అది మోసాలు బయటపడటానికి పెట్టిన నియమం, చెప్పకుండా పంపడమే దాని ఉద్దేశం. మీటింగులో ఈ సర్క్యులర్ ఒకసారి అందరికీ చదివి వినిపించండి, అప్పుడు తమ వంతు వచ్చినప్పుడు ఎవరూ అవమానంగా తీసుకోరు.

సెలవుల విషయానికొస్తే, ఆంధ్రాలో సంక్రాంతి, తెలంగాణలో దసరా, ఈ రెండే బ్రాంచిల్లో సగం మనస్పర్థలకు కారణం. డిసెంబర్‌లోనే వచ్చే ఏడాది క్యాలెండర్ గోడకు పెట్టి, ఈ ఏడాది పండక్కి ఊరెళ్లినవాళ్లు వచ్చే ఏడాది బ్రాంచి చూసుకునేలా అందరి ముందూ రాయించండి. రంజాన్, క్రిస్మస్ కూడా అందులో మర్చిపోవద్దు. మీ పేరు కూడా ఆ వరసలో ఉండాలి, మేనేజర్‌కి ప్రతి సంక్రాంతీ సెలవు దొరికితే ఇంక ఎవరూ మీ మాట వినరు.

ఇబ్బంది పెట్టే మనుషుల దగ్గరకు వద్దాం

మీకంటే వయసులో, సర్వీసులో పెద్దవాళ్లు, ఆ కుర్చీ తమకు రావాల్సిందని అనుకునేవాళ్లు ప్రతి బ్రాంచిలో ఒకరైనా ఉంటారు. వాళ్ల బాధ అబద్ధం కాదు. ప్రమోషన్ వస్తే ఊరు వదలాలని, పిల్లల చదువో అమ్మానాన్నల ఆరోగ్యమో చూసుకుని వద్దనుకున్నవాళ్లే అందులో ఎక్కువ. అది తెలుసుకుని మాట్లాడండి. మొదటి వారంలోనే ఒంటరిగా కూర్చుని, "మీరు నాకంటే పన్నెండేళ్ల ముందు సర్వీసులోకి వచ్చారు. ఈ ఊళ్లో ఏ రైతు మాట మీద నిలబడతాడో మీకు తెలిసినంత నాకు తెలియదు. డ్వాక్రా లోన్ల విషయంలో మీ మాట విన్నాకే నేను నిర్ణయం తీసుకుంటాను" అని చెప్పండి, చెప్పాక నిజంగానే అలా చేయండి. ఏదో పేరుకి గౌరవించి, లోపల నిర్ణయాలన్నీ మీరే తీసేసుకుంటే వాళ్లకు రెండ్రోజుల్లో అర్థమైపోతుంది. అలాగని మీకు ప్రమోషన్ వచ్చినందుకు క్షమాపణ అడుగుతున్నట్టు కూడా ఉండకండి.

కస్టమర్ ముందు "మేనేజర్ గారు కొత్త కదా, ఆయనకేం తెలుసు" అని ఎవరైనా అంటే అక్కడికక్కడే జవాబివ్వకండి, కస్టమర్ పని చేసి పంపించేయండి. వదిలేయకండి కూడా. ఆ రోజు సాయంత్రమే పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పాలి: "ఇవాళ పదకొండింటికి కౌంటర్ దగ్గర ఫలానా కస్టమర్ ముందు ఈ మాటన్నారు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడకుండా మీ దగ్గరికే వచ్చి సాంక్షన్ అడిగాడు. నాతో ఏకీభవించకపోతే క్యాబిన్‌లోకి వచ్చి ఎంత గట్టిగా అయినా చెప్పండి, వింటాను. కస్టమర్ ముందు వద్దు." రోజు, మాట, దానివల్ల జరిగిన నష్టం, మీరు కోరేది, అంతే. "మీరెప్పుడూ ఇంతే", "మీ పద్ధతి బాలేదు" లాంటివి నోట్లోంచి వచ్చాయంటే అసలు విషయం పక్కకు పోయి మీ ఇద్దరి మధ్య పంతం మిగులుతుంది.

పని తప్పించుకునేవాళ్ల విషయంలో ముందు కారణం వెతకండి. జిల్లా కేంద్రం బ్రాంచిలో ఒక క్యాషియర్ ఉండేవాడు, మనిషి భలే నెమ్మది. ఒకటో తారీకున పెన్షన్ల కోసం క్యూ వీధి దాకా ఉన్నా, మిషన్ లెక్కపెట్టిన కట్టను మళ్లీ చేత్తో లెక్కపెట్టేవాడు, వేలు తడిపి మూడోసారి లెక్కపెట్టేవాడు, పక్క కౌంటర్‌లో అమ్మాయి రెండింతలు మందిని పంపించేది. బద్ధకం అనుకుని నేనూ ఒకసారి విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, అంతకు ముందు బ్రాంచిలో ఒకరోజు క్యాష్ తగ్గితే ఇరవై వేలు తన జేబులోంచి కట్టాడు, ఆ డబ్బు భార్య గాజులు తాకట్టు పెట్టి తెచ్చాడు. మూడు నెలలు క్యాష్‌లోంచి తప్పించి అకౌంట్ ఓపెనింగ్‌లో పెట్టి, తర్వాత మళ్లీ క్యాష్‌కి తెచ్చి, పెద్ద కట్టలు హెడ్ క్యాషియర్ రెండోసారి చూసేట్టు ఏర్పాటు చేశాం. మనిషి మారిపోయాడని అనను, ఇప్పటికీ కాస్త నెమ్మదే, కానీ పక్క కౌంటర్‌తో రోజూ జరిగే మాటల పోట్లాట ఆగిపోయింది. ఆరోగ్యం, ఇంట్లో కష్టం, సిస్టమ్ అంటే భయం, పాత మేనేజర్ చేసిన అవమానం, వీటిలో ఏదో ఒకటి చాలాసార్లు బయటపడుతుంది.

కారణం ఏమీ లేకుండా, వెతికి వెతికి పని ఎగ్గొట్టేవాళ్లు కూడా ఉంటారు. అక్కడ మెత్తదనం పనికిరాదు, ఎందుకంటే ఆ పని చేస్తున్న మిగతావాళ్లకు మీరు అన్యాయం చేస్తున్నట్టవుతుంది. మొదటిసారి నోటితో చెప్పండి, చెప్పినట్టు మీ డైరీలో తారీకు వేసి రాసుకోండి. రెండోసారి మెయిల్ రూపంలో, ఏ పని, ఎప్పటికి కావాలి అని స్పష్టంగా పంపండి. మూడోసారి సంజాయిషీ అడుగుతూ మెమో, ఆ తర్వాత రీజినల్ ఆఫీసుకు రిపోర్టు. మామూలుగా క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారి బ్రాంచి మేనేజర్ కాదు. క్లరికల్, సబార్డినేట్ స్టాఫ్‌కి సంబంధించి ఏది చిన్న తప్పు, ఏది పెద్ద తప్పు, విచారణ ఎలా జరగాలి అన్నది 2002 ఏప్రిల్ 10న బ్యాంకులకూ యూనియన్లకూ కుదిరిన ఒప్పందంలో వివరంగా రాసి ఉంది. అది ఒకసారి పూర్తిగా చదవండి. మీ చేతిలో లేని శిక్షలతో ఎవరినీ బెదిరించకండి, "చార్జిషీటు ఇప్పిస్తా" అని హాల్లో అరిచి తర్వాత ఏమీ చేయలేకపోతే మీ మాటకు ఇంక విలువుండదు.

ఇతరుల పనిని తమ పేరు మీద చెప్పుకునే ఆఫీసర్లుంటారు. దీనికి ఎక్కువ శ్రమ అక్కర్లేదు. ఆర్‌ఓకి పంపే ప్రతి రివ్యూ మెయిల్‌లో ఏ పని ఎవరు చేశారో పేరుతో సహా రాయండి, ఆ మెయిల్ స్టాఫ్ అందరికీ కాపీ పెట్టండి. రెండు నెలల్లో సర్దుకుంటుంది.

మార్చి నెల గురించి కూడా ఒక ముక్క. వాయిదా 90 రోజులు దాటితే మామూలు లోన్లు ఎన్‌పీఏ అవుతాయి కాబట్టి మార్చి 31 దగ్గరపడేకొద్దీ "ఆ లోన్ నువ్విచ్చావు, నువ్వే వసూలు చెయ్" అనే గొడవ మొదలవుతుంది. జనవరిలోనే ఖాతాలను పేర్లవారీగా పంచేసి, ఎవరిచ్చిన లోన్ అనే లెక్క పక్కనపెట్టి, మొండి ఖాతాలకు మీరే ముందు నడవండి.

గుంపుల సంగతి కొంచెం సున్నితం. భోజనాల బల్ల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో వారం రోజులు చూస్తే బ్రాంచి మొత్తం అర్థమవుతుంది. మీరు మాత్రం ఒకే గుంపుతో తినకండి, ఒకే మనిషితో టీకి వెళ్లకండి, ఫీల్డ్ విజిట్‌కి ప్రతిసారీ ఒకరినే బండి మీద ఎక్కించుకుని వెళ్లకండి. ఇవన్నీ మీకు చిన్న విషయాలు, చూసేవాళ్లకు కాదు. చేరిన కొత్తలో "మీ ఇంటిపేరేంటి సార్, మీది ఏ ఊరు, మీ మామగారిది ఏ జిల్లా" అని ఆరా తీస్తారు, అది ఎక్కడికి వెళ్తుందో మనందరికీ తెలుసు. ఊరు చెప్పి మాట మార్చేయండి. "మనోళ్లు" అనే మాట మీ నోట్లోంచి ఒక్కసారి కూడా రాకూడదు, వస్తే బ్రాంచిలో సగం మందికి మీరు ఆ క్షణం నుంచీ మేనేజర్ కారు. కులం పేరుతో ఎవరైనా ఎవరినైనా కించపరిస్తే దాన్ని మీ క్యాబిన్‌లో సర్ది చెప్పి పంపేసే ప్రయత్నం చేయకండి. రాతపూర్వకంగా తీసుకుని పైకి పంపండి, ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల విషయంలో అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం దాకా వెళ్లే విషయం.

భాష గురించి కూడా చెప్పాలి. బీహార్ నుంచో, కేరళ నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కుర్ర ఆఫీసర్లు మన బ్రాంచిల్లో చాలామంది ఉన్నారు. మనమంతా తెలుగులో మాట్లాడుకుని నవ్వుకుంటుంటే వాళ్లకు తమ గురించేనేమో అనిపిస్తుంది. వాళ్లు తెలుగు నేర్చుకోకపోతే రైతుకు కష్టం, మనం వాళ్లను కలుపుకోకపోతే వాళ్లకు నరకం. రోజుకు పది వాక్యాలు నేర్పడానికి ఒక క్లర్క్‌ని జత చేయండి, పొద్దున మీటింగులో ముఖ్యమైన సంగతులు వాళ్లకు తెలిసిన భాషలో మళ్లీ చెప్పండి.

యూనియన్ సెక్రటరీని శత్రువులా చూడకండి. సీట్ల మార్పు లాంటి నిర్ణయం బోర్డు మీద పెట్టే ముందు రోజు ఆయనకు ఒక మాట చెప్పండి, అనుమతి కోసం కాకుండా, ఆయన నలుగురి ముందు ఆశ్చర్యపోకుండా ఉండటానికి. మంచి సెక్రటరీలు నాకు ఎన్నో గొడవలు ఇంటిదాకా వెళ్లకముందే ఆపారు.

రాజకీయంగా చూడకూడని విషయాలు

పాస్‌వర్డ్, తాళాలు, వేధింపు. ఈ మూడింటిలో సర్దుబాటు లేదు.

"నేను టీ తాగొస్తా, నా ఐడీతో పాస్ చేసేయ్" అనేది స్నేహంగానే మొదలవుతుంది. ఒకరు ఎంట్రీ వేసి ఇంకొకరు పాస్ చేయాలన్న నియమం అక్కడితో చచ్చిపోతుంది. స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర విడివిడిగా ఉండాల్సినవి ఒకరి బ్యాగులోనే ఉంటే కూడా అంతే. మీరు ఆపితే "నా మీద నమ్మకం లేదా సార్?" అని బాధపడతారు. "రేపు తేడా వస్తే మీ ఐడీ చూపించి మిమ్మల్నే అడుగుతారు, ఆ రోజు నేను మిమ్మల్ని కాపాడలేను" అని చెప్పండి. నాకు తెలిసిన ఒక మంచి ఆఫీసర్ తన ఐడీతో వేరేవాళ్లు చేసిన పనికి సస్పెండయ్యాడు, రెండేళ్లు సగం జీతంతో ఇల్లు నడిపాడు. ఆ ఇంటికి నేను వెళ్లాను కాబట్టి ఈ విషయంలో ఎవరితోనూ మొహమాటపడను.

లైంగిక వేధింపు గురించి ఎవరైనా మీ దగ్గరకొస్తే రాజీ చేయకండి, "ఆయనకు పెళ్లాం పిల్లలున్నారు" అనకండి, ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టకండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ప్రకారం విచారించాల్సింది బ్యాంకులోని ఇంటర్నల్ కమిటీ. జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించగలదు, విచారణ 90 రోజుల్లో ముగియాలి. మీ పని ఆవిడకు కమిటీ వివరాలు ఇవ్వడం, రాయడానికి సాయం కావాలంటే చేయడం, ఆ సంగతి మూడో మనిషికి తెలియకుండా చూడటం, ఆవిడ మీద పని విషయంలో ఎవరూ కక్ష తీర్చుకోకుండా కాపలా ఉండటం.

మీ మీదే గురిపెట్టినప్పుడు

ఏదో ఒక రోజు మీ మీద ఆకాశరామన్న ఉత్తరం వెళ్తుంది. లోన్ ఇవ్వనందుకో, సెలవు ఇవ్వనందుకో. అనామక, మారుపేర్ల ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 1999లోనే చెప్పింది, అయినా ఆర్‌ఓ నుంచి ఫోన్ వస్తుంది, గుండె దడదడలాడుతుంది, ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ టెన్షన్ నాకు తెలుసు. కాగితాలతో, తారీకులతో ఒకటిన్నర పేజీ జవాబు రాసి పంపి, అక్కడితో ఆపేయండి. రాసిందెవరో వెతకకండి. నాకు తెలిసిన ఒక మేనేజర్ ఆ ఉత్తరం జిరాక్స్ తెప్పించుకుని, స్టాఫ్ సెలవు చీటీలన్నీ ముందేసుకుని చేతిరాత పోల్చి చూశాడు. ఒకరి మీద అనుమానం పెంచుకున్నాడు, అది తప్పని తర్వాత తేలింది, ఈలోగా ఆ బ్రాంచిలో ఎవరూ ఎవరి ముందూ నోరు విప్పని పరిస్థితి వచ్చింది.

స్టాఫ్‌కి మీరు లేని వాట్సాప్ గ్రూప్ ఒకటి ఉంటుంది. ఉండనివ్వండి. అందులో ఏం రాశారో స్క్రీన్‌షాట్లు తెచ్చిచ్చేవాళ్లను ప్రోత్సహించకండి. మీరున్న గ్రూపులో మాత్రం మెచ్చుకోలే పెట్టండి, తప్పులు విడిగా చెప్పండి, రాత్రి తొమ్మిది దాటాక టార్గెట్ల మెసేజ్‌లు పెట్టకండి.

పైనుంచి వచ్చే తిట్లను కిందికి దించకండి. ఇన్సూరెన్స్ టార్గెట్ గురించి రాత్రి ఎనిమిదింటికి వీడియో కాన్ఫరెన్స్‌లో అందరి ముందు మాటలు పడి, అదే గొంతుతో మర్నాడు పొద్దున స్టాఫ్ మీద పడిన రోజులు నాకున్నాయి. ఆ రోజు ఒక్క పాలసీ కూడా ఎక్కువ రాలేదు, అందరూ సాయంత్రం ఐదింటికే బ్యాగులు సర్దుకున్నారు. ఇప్పుడైతే ఫోన్ పెట్టేశాక బ్రాంచి బయట రెండు వీధులు నడిచొచ్చి, మర్నాడు అంకె ఒక్కటే చెబుతాను: మనకు ఇంకా ఇన్ని కావాలి, ఎవరు ఎంత చేయగలరో చెప్పండి, మిగిలింది నేను చూసుకుంటాను.

ఒకరోజు మీకూ ట్రాన్స్‌ఫర్ వస్తుంది. వచ్చే మేనేజర్ మొదటి సాయంత్రమే, "స్టాఫ్ ఎలాంటివాళ్లు సార్, ఎవరితో జాగ్రత్తగా ఉండాలి?" అని అడుగుతారు. పని పంపకం కాగితం, రొటేషన్ క్యాలెండర్, సెలవుల వరస, పెండింగ్ ఫైళ్లు, ఎవరికి ఏ ట్రైనింగ్ ఇంకా కావాలో రాసిన పేజీ ఆయన చేతికివ్వండి. చెప్పడానికి నోటి చివరి దాకా వచ్చిన పేర్లు మాత్రం మీ దగ్గరే ఉంచుకుని, తాళాలు లెక్కపెట్టి అప్పజెప్పి రండి.